రేపటి ఊళ్లో ప్లాటు, ఇవాళ్టి ఊళ్లో పిల్లలు



దిల్‌సుఖ్‌నగర్‌లోనో, చైతన్యపురిలోనో, కొత్తపేటలోనో అద్దెకుంటున్న కుటుంబాల్లో ఒక చర్చ ఎప్పుడో ఒకప్పుడు మొదలవుతుంది. పెళ్లయి ఐదారేళ్లవుతుంది. ఒకరో ఇద్దరో పిల్లలుంటారు. రెండు గదుల ఇల్లు చాలదు. ఓనరు ఏటా అద్దె పెంచుతాడు. ఇంతలో ఆఫీసులో ఎవరో అంటారు: "హయత్‌నగర్ దాటి చూడు, ఇదే అద్దెకి ఇండిపెండెంట్ ఇల్లు దొరుకుతుంది." బావమరిది ఇంకో అడుగు ముందుకేసి, "అద్దె ఎందుకు బావా, చౌటుప్పల్ దగ్గర ప్లాటు తీసుకో" అంటాడు. ఆ ఆదివారం అందరూ కలిసి కారులో వెళ్లి చూసొస్తారు. గాలి బాగుంటుంది, పిల్లలు పరుగులు తీస్తారు. ఆ రాత్రి నుంచి ఇంట్లో అదే మాట.

ఈ మాటనే ఇవాళ కాస్త విడమరిచి చెప్పుకుందాం. పోవాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. ఆ నిర్ణయానికి ముందు ఏ లెక్కలు వెయ్యాలి, మనం సాధారణంగా ఏ లెక్క వదిలేస్తాం అన్నది నా విషయం.

ముందు దారి చూద్దాం. మలక్‌పేట నుంచి తూర్పుకి వస్తే దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్. ఎల్బీనగర్ దగ్గర దారులు చీలతాయి. నేరుగా పోయేది విజయవాడ హైవే. వనస్థలిపురం, హయత్‌నగర్, ఔటర్ రింగ్ రోడ్డు తగిలే పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్, రామోజీ ఫిల్మ్ సిటీ, మల్కాపురం, అవన్నీ దాటితే చౌటుప్పల్. ఎల్బీనగర్ నుంచి చౌటుప్పల్‌కి సుమారు 40 కిలోమీటర్లు. రెండోది సాగర్ రోడ్డు. బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ మీదుగా ఇబ్రహీంపట్నం. సిటీ వదిలి బయటికి వెళ్లాలనుకునే తూర్పు హైదరాబాద్ కుటుంబాలు ఎక్కువగా చూసేది ఈ రెండు దారుల వెంటే.

దీని వెనక ఒక కారణముంది. ఈ పక్క ఉంటున్నవాళ్లలో నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఊరి నుంచి బస్సెక్కి వచ్చినప్పుడు మొదట దిగిన చోటు ఎల్బీనగర్ లేదా దిల్‌సుఖ్‌నగర్. దిగిన చోటికి దగ్గర్లోనే గది తీసుకున్నారు, చదువుకున్నారు, ఉద్యోగం వచ్చాక కూడా అక్కడే ఉండిపోయారు. అదే హైవే మీద ఇంకొంచెం వెనక్కి వెళ్లి ఇల్లు తీసుకోవడమంటే వాళ్లకి సొంతూరి వైపు సగం దారి వెళ్లినట్టే. సూర్యాపేట నుంచి అమ్మానాన్నలు బియ్యం మూటతో వస్తే సిటీ ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా హయత్‌నగర్‌లోనే దిగిపోతారు. మనవడికి దగ్గు వస్తే నాయనమ్మ పొద్దున బయలుదేరి మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చేస్తుంది. పడమటి వైపు గచ్చిబౌలిలో ఇల్లు తీసుకున్నవాళ్లకి ఈ సౌకర్యం లేదు.

ఇక దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు ఎందుకు ఇరుకవుతోందో కూడా చూడాలి. అక్కడ కోచింగ్ సెంటర్లున్నాయి. కంప్యూటర్ కోర్సులు, బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్ అంటూ జిల్లాల నుంచి పిల్లలు వస్తూనే ఉంటారు. వాళ్లకి హాస్టళ్లు కావాలి. ఒక అంతస్తుని ఒక కుటుంబానికి ఇస్తే ఓనరుకి వచ్చేది ఒక అద్దె. అదే గదుల్లో వరసగా మంచాలు వేసి ఒక్కో మంచానికి ఇంత అని వసూలు చేసే హాస్టల్‌కి ఇస్తే లెక్క వేరు. అంటే చిన్న కుటుంబం అక్కడ పోటీ పడేది పక్కింటి కుటుంబంతో కాదు, పదిహేను మంచాలతో. ఆ పోటీలో కుటుంబం గెలవడం కష్టం. కాబట్టి బయటికి పోదామన్న ఆలోచన ఎవరి సరదా కోసమో పుట్టింది కాదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఎల్బీనగర్ మొదటి నుంచి హైదరాబాద్ నగరంలో భాగం అనుకునే యువతరం ఉంది. అది నిజం కాదు. ఎల్బీనగర్‌కి సొంత మున్సిపాలిటీ ఉండేది. గడ్డిఅన్నారం ఇంకో మున్సిపాలిటీ. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను పాత నగరపాలక సంస్థతో కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేసినప్పుడు ఈ రెండూ నగరంలోకి వచ్చాయి. అంతకుముందు వనస్థలిపురంలో స్థలం కొన్నవాళ్లు ఊరి బయట కొన్నవాళ్లే. పక్కనే జింకల పార్కు. మహావీర్ హరిణ వనస్థలి 1975లో ఏర్పడింది. జింకలున్న చోట ఇల్లేమిటని అడిగిన బంధువులు ప్రతి ఇంటికీ ఉండే ఉంటారు. ఇవాళ అదే వనస్థలిపురంలో పార్కింగ్‌కి చోటు దొరకదు.

ప్లాట్లు అమ్మేవాళ్లు ఈ కథే చెబుతారు. "అప్పుడు వనస్థలిపురం ఎలా ఉండేదో, ఇప్పుడు మా వెంచర్ అలా ఉంది సార్" అంటారు. కథ నిజమే. 2025 చివర్లో మళ్లీ అదే జరిగింది. పెద్ద అంబర్‌పేట, తుర్కయంజాల్, ఆదిభట్ల, బడంగ్‌పేట, మీర్‌పేటతో సహా 27 పురపాలికలను గ్రేటర్‌లో కలిపారు. నగరం అక్కడికి వస్తుందన్న మాటలో అబద్ధం లేదు.

ఎప్పటికి వస్తుందన్నదే ప్రశ్న. ఎల్బీనగర్ 2007లో నగరంలో కలిసింది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కి మెట్రో రైలు వచ్చింది 2018 సెప్టెంబరు 24న. మధ్యలో పదకొండేళ్లు. 2007లో పుట్టిన పాప మెట్రో వచ్చేసరికి ఆరో తరగతికి వచ్చేసింది. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా మరో 7 కిలోమీటర్ల పైచిలుకు మెట్రో పొడిగించాలన్న ప్రతిపాదనను రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో కేంద్రానికి పంపింది. ప్రతిపాదన వెళ్లాక అనుమతి రావాలి, డబ్బు రావాలి, స్తంభాలు లేవాలి, రైలు కదలాలి. మన పాప అప్పటికి ఇంజినీరింగ్ కూడా పూర్తిచేసేస్తుంది.

ఊరు ఎదగడానికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. పిల్లలు ఎదగడానికీ అంతే పడుతుంది. అక్కడే మనం పొరబడేది. ప్లాటు కొనేటప్పుడు రేపటి ఊరిని చూసి కొంటాం. అది తప్పు కాదు, స్థలం ఆగుతుంది. పిల్లల్ని మాత్రం ఇవాళ ఉన్న ఊళ్లోనే పెంచాలి. ఇవాళ ఉన్న బడి, ఇవాళ వచ్చే బస్సు, ఇవాళ కుళాయిలో పడే నీళ్లు. నా ప్రసంగంలో మీరు ఒక్క మాట గుర్తుపెట్టుకోదలిస్తే ఇది గుర్తుపెట్టుకోండి: పెట్టుబడికి చూసే చోటు, కాపురానికి చూసే చోటు ఒకటే కానక్కర్లేదు.

సరే, ఇక లెక్కల్లోకి వద్దాం. ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. చైతన్యపురిలో ఉంటారు. భర్తకి హైటెక్ సిటీలో ఉద్యోగం. ఇంటి దగ్గరే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి వెళ్తాడు. భార్యకి కొత్తపేటలో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం. బాబు ఎల్‌కేజీ. వాళ్లు అబ్దుల్లాపూర్‌మెట్‌కి మారితే అద్దెలో నెలకి 6 వేలు మిగులుతుందనుకుందాం. ఇవన్నీ ఊహించిన అంకెలే. మీ అంకెలు మీరు వేసుకోండి.

ఇప్పుడు భర్త ముందు ఎల్బీనగర్ దాకా రావాలి. బస్సు కోసం నిలబడటం, బస్సు ప్రయాణం కలిపి ముప్పావుగంట. రానూపోనూ గంటన్నర. నెలకి 25 రోజులు పని అనుకుంటే 37 గంటల 30 నిమిషాలు. అంటే నెలలో దాదాపు ఒక వారం ఉద్యోగమంత సమయం రోడ్డు మీద అదనంగా పోతుంది. బస్సు బదులు బైక్ మీద వచ్చినా సమయం ఇంతే అనుకుంటే, పెట్రోలు, స్టేషన్ దగ్గర పార్కింగ్ కలిపి 2,500 అనుకుందాం. మిగిలిన 6 వేలల్లో అది తీసేస్తే 3,500. దాన్ని 37న్నర గంటలతో భాగిస్తే గంటకి 93 రూపాయలు. ఆ మనిషి తన కొడుకుతో గడపాల్సిన సాయంత్రాన్ని గంటకి 93 రూపాయలకి అమ్ముకున్నట్టు. ఆ ధర మీకు సరిపోతుందా లేదా మీరే చెప్పాలి. కొందరికి సరిపోతుంది. ఇంటి అప్పు తీర్చేవాళ్లకి ప్రతి వెయ్యీ ముఖ్యమే. లెక్క వేసి ఒప్పుకుంటే మంచిదే. లెక్కే వెయ్యకుండా ఒప్పుకోవడం దగ్గరే ఇబ్బంది.

ఇటలీ శాస్త్రవేత్త చెసారే మార్కెట్టి 1994లో ఒక విషయం రాశాడు. ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా మనుషులు రోజువారీ రాకపోకలకి సగటున గంట సేపు వెచ్చించడానికి ఇష్టపడతారని, బండి వేగం పెరిగితే సమయం తగ్గించుకోరు, ఇంటిని దూరంగా జరుపుకుంటారని ఆయన ప్రతిపాదన. మన మెట్రో కూడా అదే పని చేసింది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్ల దారి, 27 స్టేషన్లు. ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి పటాన్‌చెరు వెళ్లే 218డి బస్సులో నిలబడి నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి దాటినవాళ్లకి మెట్రో పెద్ద ఊరట. ఆ మిగిలిన సమయాన్ని చాలామంది ఇంట్లో గడపలేదు. ఆ సమయం మేరకు ఇల్లు ఇంకా దూరం జరిపారు. హైటెక్ సిటీకి ఎల్బీనగర్ నుంచే మెట్రోలో గంట దాకా పడుతుంది. ఆ గంట మీద ఇంకో ముప్పావుగంట కలిపితే, మనిషి ఓపిక పట్టే కొలతని రెండు వైపులా దాటేశాం.

ఇప్పటిదాకా చెప్పింది భర్త ప్రయాణం. చాలా ఇళ్లల్లో లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. అసలు చిక్కు దీని తర్వాతే ఉంది.

మన ఊహాకుటుంబంలో భార్యని చూడండి. చైతన్యపురి నుంచి కొత్తపేట బడికి నడిచి వెళ్లేది. బాబు బడి మధ్యాహ్నం మూడింటికి వదిలితే పక్కింటి ఆంటీ తన మనవడితో పాటు తీసుకొచ్చేది. ఐదింటికి ఈమె వచ్చి తీసుకెళ్లేది. ఊరు మారితే ఆ ఆంటీ ఉండదు. ఆమెకి పేరు లేదు, జీతం లేదు, అద్దె లెక్కలో ఎక్కడా కనపడదు. ఆ ఇల్లు నడిచింది మాత్రం ఆమె మీదే. కొత్త చోట స్కూల్ బస్సు బాబుని మూడున్నరకి గేటు దగ్గర దింపుతుంది. తల్లి అప్పటికి కొత్తపేటలో ఉంటుంది. రెండు నెలలు ఎలాగో నెట్టుకొస్తారు. మూడో నెలలో ఆమె ఉద్యోగం మానేస్తుంది. అద్దెలో 6 వేలు మిగిలాయి, జీతంలో 20 వేలు పోయాయి. "పిల్లాడి కోసం మానేసింది" అని అందరూ అంటారు. నిజానికి ఆమె మానేసింది దూరం కోసం.

అందుకే నేను చెప్పేది, ఒక కాగితం మీద ఇంట్లో ప్రతి మనిషికీ ఒక వరస గీయండి. నాన్న, అమ్మ, పెద్దపాప, చిన్నబాబు, అప్పుడప్పుడు వచ్చే తాతయ్య. ఒక్కొక్కరికీ రోజులో ఎన్ని నిమిషాలు పెరుగుతున్నాయో, ఎన్ని తగ్గుతున్నాయో రాయండి. ఒకరి వరసలోనే బరువంతా పడితే, ఆ మనిషిని ముందు అడగండి. ఆ మనిషి ఎక్కువ ఇళ్లల్లో అమ్మే అవుతుంది.

ఆడవాళ్ల ప్రయాణంలో ఒక మంచి మార్పు కూడా వచ్చింది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో తెలంగాణ మహిళలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. చౌటుప్పల్ నుంచి ఎల్బీనగర్‌కి ఆమె జీరో టికెట్‌తో రావచ్చు. మెట్రో రైలుకి ఆ వెసులుబాటు లేదు. 2025 మేలో ఛార్జీలు సవరించాక ఒక కొస నుంచి ఇంకో కొసకి 69 రూపాయలైంది. కాబట్టి భార్యాభర్తలు ఒకే చోటికి వెళ్తున్నా ఆమె బస్సు, అతను మెట్రో అయ్యే ఇళ్లున్నాయి. జీరో టికెట్ డబ్బు మిగులుస్తుంది, సీటు ఇవ్వదు. చంకలో పిల్లతో పొద్దున ఎనిమిదింటికి ఎక్కేవాళ్లకి ఈ తేడా తెలుసు. ఇంకోటి, ఎక్స్‌ప్రెస్ ప్రతి స్టేజీలోనూ ఆగదు. మీ ఇంటి దగ్గర ఏ బస్సు ఆగుతుంది, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికి, స్టాపు నుంచి ఇంటికి వీధి దీపాలున్నాయా అన్నవి ఇల్లు చూసేటప్పుడే చూసుకోవాల్సినవి.

పని ఒక వైపు, ఇల్లు ఒక వైపు అయితే ఏమవుతుందో మన కళ్ల ముందే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. 1986లో అక్కడ పెట్టినప్పుడు అది నగరం అంచు. ఎండాకాలం వచ్చిందంటే మామిడికాయల లారీలతో హైవే నిండిపోయేది. చుట్టూ ఊరు పెరిగింది, మార్కెట్ ఊరి మధ్యకొచ్చింది. 2021 సెప్టెంబరులో దాన్ని మూసేసి వ్యాపారాన్ని హయత్‌నగర్ అవతలి బాటసింగారానికి తరలించారు. ఖాళీ అయిన స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. మార్కెట్‌తో పాటు హమాలీల పని, డబ్బాలు సర్దే ఆడవాళ్ల పని, టీ బండ్ల పని అన్నీ ఒక్కసారిగా సుమారు 20 కిలోమీటర్లు అవతలికి వెళ్లాయి. అదంతా కొత్తపేట చుట్టూ ఇళ్లు కట్టుకునో అద్దెకు తీసుకునో బతికినవాళ్ల పని. వాళ్లకి ఊరు మారాలన్న చర్చే రాలేదు. పనే ఊరు మారింది. పండ్ల మార్కెట్‌లో పనిచేసేవాళ్లకి హయత్‌నగర్ అవతల ఇల్లంటే ఇవాళ పనికి దగ్గర కావడం. అదే ఇల్లు హైటెక్ సిటీ ఉద్యోగికి పనికి దూరం. "ఆ ఏరియా మంచిదేనా" అని ఊరికే అడిగితే జవాబు రాదు. ఎవరికి మంచిదో అడగాలి.

బయటికి వెళ్తే నిజంగా లాభపడేవాళ్లు ఉన్నారు. ఆదిభట్లలో విమాన భాగాల ఫ్యాక్టరీల్లో, ఐటీ క్యాంపస్‌లో పనిచేసేవాళ్లు. కొంగరకలాన్‌లో 2022 ఆగస్టులో తెరిచిన రంగారెడ్డి కలెక్టరేట్ ఉద్యోగులు. ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులు. యాదాద్రి, నల్గొండ జిల్లాల పల్లెల్లో పనిచేసే ప్రభుత్వ టీచర్లు. ఈ టీచర్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొద్దున అందరూ సిటీలోకి వస్తుంటే వీళ్లు ఎల్బీనగర్ నుంచి బయటికి వెళ్తారు. వాళ్లు వనస్థలిపురంలో ఉండేది పిల్లల చదువు కోసం. అలాగే వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకెళ్లే ఐటీ ఉద్యోగులకి నేను వేసిన 37 గంటల లెక్క సగానికి తగ్గిపోతుంది. వాళ్లకి తుర్కయంజాల్‌లో పెద్ద ఇల్లు సుఖమే. ఆ వెసులుబాటు కంపెనీ దయ మీద ఆధారపడిందన్నది మాత్రం మరిచిపోకూడదు.

ఇక నీళ్లు. సిటీలో ఉన్నప్పుడు నీళ్ల గురించి ఆలోచించం. కృష్ణా నీళ్లు నల్గొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధై సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కి చేరి, ఎల్బీనగర్ వైపు ఇళ్లకి వస్తాయి. 2021 జనవరి నుంచి నగర పరిధిలో నెలకి 20 వేల లీటర్ల దాకా ఉచితం. నగరం దాటితే మొదట అడగాల్సిన ప్రశ్న, నల్లానా, బోరా, ట్యాంకరా అని. ఓనరు "బోరు ఫుల్" అంటాడు. ఆ మాట వర్షాకాలంలో విని నమ్మకండి. ఏప్రిల్, మే నెలల్లో పక్కింటివాళ్లని అడగండి.

చౌటుప్పల్ వైపు వెళ్లేవాళ్లు ఇంకోటి కూడా చూడాలి. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఆ ప్రాంతమంతా భూగర్భజలంలో ఫ్లోరైడ్‌తో దశాబ్దాలు బాధపడింది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ని 2015 జూన్‌లో చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించడం వెనక ఆ బాధ ఉంది. నల్లా నీళ్లు తాగితే చింత లేదు. బోరు నీళ్లు తాగాల్సి వస్తే మాత్రం పరీక్ష చేయించండి. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాకా మంచిది. వేరే నీళ్లే దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు పిల్లల మీద దీని ప్రభావం ఎక్కువ. పళ్ల మీద పడ్డ ఆ మచ్చలు తర్వాత ఊరు మారినా పోవు.

వరద సంగతి కూడా రెండు ముక్కల్లో చెబుతాను. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన సరూర్‌నగర్ చెరువు చుట్టూ ఉన్న కాలనీలని ముంచేసింది. ఆ అనుభవంతో కొందరు "ఎత్తు మీదికి పోదాం" అని బయటికి చూస్తున్నారు. బయట కూడా చెరువులున్నాయి. శిఖం భూముల్లో, నాలాల పక్కన వేసిన వెంచర్లున్నాయి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం), బఫర్ జోన్ అన్న మాటలు ఇంటింటికీ తెలిశాయి. ఆ మాటలు రిజిస్ట్రేషన్ తర్వాత కాదు, అడ్వాన్స్ ఇవ్వక ముందు అడగాలి.

కొనేవాళ్లకి ఇంకొన్ని జాగ్రత్తలు. లేఅవుట్‌కి హెచ్‌ఎండీఏ గానీ డీటీసీపీ గానీ అనుమతి ఉండాలి. "పంచాయతీ లేఅవుట్, ఎల్‌ఆర్‌ఎస్ కట్టుకుంటే సరిపోతుంది" అంటే ఆ కట్టే డబ్బు మీదే, ఆ తిరుగుడూ మీదే. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసే ప్రాజెక్టు అమ్మకానికి రావాలంటే రెరాలో నమోదు కావాలి. నంబరు అడగండి, రెరా వెబ్‌సైట్‌లో చూడండి. ఈసీ తీయించండి, లింక్ డాక్యుమెంట్లు లాయరుకి చూపించండి. "ట్రిపుల్ ఆర్ పక్కనే" అన్న బోర్డులు ఈ హైవే మీద బోలెడు. రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం సంగారెడ్డి వైపు నుంచి చౌటుప్పల్ దాకా ప్రతిపాదించిన మాట నిజం. ఆ రోడ్డు వచ్చినా మీ పాపని బడికి దింపేది అది కాదు.

బడి గురించి. ఐదేళ్లలోపు పిల్లలున్నవాళ్లకి ఊరు మారడం తేలిక. ఒకటో తరగతికి ముందే మారితే కొత్త స్నేహాలు వాటంతటవే కుదురుతాయి. ఏడు, ఎనిమిది తరగతులకొచ్చాక మారితే పిల్లలు చెప్పరు గానీ లోలోపల నలుగుతారు. పాత బడే ఉంచుదాం, స్కూల్ బస్సు వస్తుంది కదా అనుకుంటే, ఆ బస్సులో మొదట ఎక్కేదీ ఆఖరున దిగేదీ మీ పిల్లలే అవుతారు. ఏడేళ్ల పిల్ల రోజూ మూడు గంటలు బస్సులో కూర్చుంటే మీరు కొనిచ్చిన పెద్ద పెరట్లో ఎప్పుడు ఆడుకుంటుంది? పెరడు అంటే గుర్తొచ్చింది. కొత్త వెంచర్లలో వంద ప్లాట్లుంటాయి, కట్టిన ఇళ్లు నాలుగుంటాయి. చోటు బోలెడు, ఆడుకునే తోడు ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ సందులో క్రికెట్ బంతి ఎవరి బాల్కనీలో పడుతుందో తెలియదు గానీ ఆడటానికి పదిమంది ఉంటారు. ఊరు దూరమైనా ఫర్వాలేదు, నలుగురు కాపురమున్న వీధి చూసుకోండి. పాత ఊరి నడిమధ్య, బస్టాండు దగ్గర, అంగన్‌వాడీ ఉన్న చోట ఇల్లు దొరికితే వెంచర్‌లో ఇంటికన్నా అదే నయం.

డాక్టరు సంగతి. చిన్నపిల్లలున్న ఇంట్లో రాత్రి పన్నెండింటికి జ్వరం నూటమూడు చూపించిన రోజు తప్పకుండా వస్తుంది. ఆ వేళకి తెరిచి ఉండే పిల్లల ఆసుపత్రి ఎంత దూరం? వనస్థలిపురంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, ఎల్బీనగర్ చుట్టూ ప్రైవేటువి ఉన్నాయి. పెద్ద అంబర్‌పేట దాటాక ప్రతి ఐదు కిలోమీటర్లకీ ఈ జవాబు మారుతుంది. హైవే మీద సంక్రాంతి రద్దీ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లని ఏటా వార్తల్లో చూస్తాం. ఎల్బీనగర్ నుంచి మల్కాపురం దాకా రోడ్డుని ఆరు వరసలు చేసే పనులు కొన్నేళ్లుగా నడుస్తున్నాయి. ఇల్లు హైవేకి ఒక వైపు, బడి రెండో వైపు అయితే పిల్లలు రోడ్డు ఎక్కడ దాటుతారో వెళ్లి నిలబడి చూడండి.

రైలు మాట కూడా ఒకటి. వరంగల్ దారిలో ఘట్‌కేసర్‌కి 2024 మార్చిలో ఎంఎంటీఎస్ వచ్చింది. ఇటు విజయవాడ హైవే వెంట రైలు పట్టా లేదు. బీబీనగర్ నుంచి నడికుడి పోయే లైను చౌటుప్పల్‌ని తాకకుండా చిట్యాల మీదుగా పోతుంది. కాబట్టి ఈ దారిలో మీకు దిక్కు రోడ్డే. రోడ్డు మీద లారీ బోల్తా పడితే ఇంకో దారి ఉండదు. ఇది తెలిసి వెళ్లాలి.

చివరిగా నా సలహాలు మూడు. ఒకటి, కొనే ముందు అదే ఊళ్లో ఏడాది అద్దెకుండండి. అందులో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక విద్యాసంవత్సరం ఉండాలి. ఏడాదిలో నచ్చకపోతే పోయేది సామాను బండి కిరాయే. రెండు, ఇల్లు చూడటానికి ఆదివారం కారులో వెళ్లకండి. సోమవారం పొద్దున ఏడున్నరకి ఆ ఇంటి గుమ్మం నుంచి బయలుదేరి, మీరు రోజూ ఎక్కబోయే బస్సులోనే మీ ఆఫీసుకి వెళ్లండి, సాయంత్రం తిరిగి రండి. మీ ఆవిడ కూడా తన ఆఫీసుకి అలాగే వెళ్లి రావాలి. మూడు, ప్లాటు మీద ఆశ ఉంటే ప్లాటు కొనండి, కాపురం మాత్రం ఇంకొన్నాళ్లు ఎల్బీనగర్ అంచుల్లో, మెట్రోకి ఒక బస్సు దూరంలో పెట్టండి. హయత్‌నగర్, వనస్థలిపురం, బీఎన్ రెడ్డి నగర్ అటువంటి చోట్లు. అటు దిల్‌సుఖ్‌నగర్ అద్దె లేదు, ఇటు చౌటుప్పల్ దూరం లేదు. పిల్లలు హైస్కూలుకొచ్చి సొంతంగా బస్సెక్కే వయసు దాకా ఆ మధ్య చోటు చాలు. అప్పటికి మీ ప్లాటు పక్కన నాలుగు ఇళ్లు లేచి ఉంటాయి, నల్లా వచ్చి ఉంటుంది, బస్సు ఆగే స్టాపు ఒకటి ఏర్పడి ఉంటుంది. అప్పుడు వెళ్లినా ఆలస్యం కాదు.

ఈ వారమే ఆ కాగితం తీసి వరసలు గీయండి. అందరి నిమిషాలూ రాశాక కూడా బయటికి వెళ్లడమే మేలనిపిస్తే, ధైర్యంగా సామాను సర్దండి.